మూడు పాయల వైరు

ఏంటే పెపే, చేతిలో అది? వైరా? ఇలా చూపించు. ఇదా! దీన్నా నువ్వు ఇక్కణ్ణించి రోడ్డు మీద కొట్టు దాకా లాగేది? దానికి డీప్ ఫ్రిజ్ తగిలిస్తావా? నీ మొహంలా ఉంది. చేపలు గడ్డకట్టవు, వెచ్చగా నిద్రపోతాయి అందులో. నవ్వకు. దూరం ఎలా కొలిచావు, కంటితోనా? కంటితో కొలిచేది మొగుణ్ణి, వైరుని కాదు. సరే, వచ్చి కూర్చో. ఆ మొగలాకు కట్ట అటు జరుపు. కాళ్ళు నా వైపు చాపకు, ఎన్నిసార్లు చెప్పాలి? నీకు ఫువాతినో సంగతి ఎవరూ చెప్పలేదా? మీ తాత తోడబుట్టిన అక్కే. మీ అమ్మ చెప్పదులే. మీ అమ్మకి ఆవిడంటే దేవత. దేవత! నన్నడగాలి ఆ దేవత సంగతి.

ఆవిడ చెయ్యి ఉండేదే అమ్మాయ్, అలాంటి చెయ్యి ఈ దీవిలో మళ్ళీ పుట్టలేదు. ఈ మాట నేనన్నానని ఎక్కడా అనకు. మొగలాకుని గోటితో చీల్చేది, చీల్చి మళ్ళీ చీల్చేది, చివరికి ఆ పోగు నీ తలవెంట్రుకకి చెల్లెలయ్యేది. అలా నేసిన చాపని మడిచి పిడికిట్లో పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళ కమిటీ ఇంట్లో అందరం వరసగా కూర్చుని నేస్తుంటే, నడి స్తంభానికి వీపు ఆనించి ఆవిడ కూర్చునేది. ఆ చోటు ఆవిడది. సాయంత్రం లేచి ఒక్కొక్కరి చాప దగ్గరికీ వచ్చి, కళ్ళు మూసుకుని వేలు పెట్టి లాగుతూ పోయేది. కళ్ళు ఎందుకు మూసుకోవడం, చెప్పు? అదొక టెక్కు. ఆ వేలు జరిగిపోయిందా, బతికాం. ఆగిందా, ఇక అంతే. "ఇక్కడ వదులుగా ఉంది. విప్పు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాదు ఆ నోట. నేను తాఫులు ఊరి నుంచి కోడలిగా వచ్చిన కొత్త. పండగ పూట అందరి ముందూ నా మొదటి చాప మీద వేలు పెట్టింది. ఆగింది. "ఏమే తాఫులు పిల్లా, మీ ఊళ్ళో చేపలకి వలలు కూడా ఇలాగే నేస్తారా? ఇక్కడ వదులుగా ఉంది. విప్పు." వర్షాకాలమంతా కష్టపడి నేసిన చాపే అది! విప్పాను. ఊరి ఆడపడుచులంతా విసనకర్రల వెనక మూతులు పెట్టుకుని నవ్వారు. ఆ నవ్విన వాళ్ళ పేర్లు ఇవాళ్టికీ చెప్పగలను, అందరూ పోయారు, ఒక్కొక్కరి అంత్యక్రియలకీ వెళ్ళాను, ఒక్కరి కోసం కూడా ముక్కు చీదలేదు.

ఏం చెబుతున్నానూ? వైరు. ఆఁ. అప్పటికి మీ అమ్మ ఇంకా పుట్టలేదు. ఇప్పుడు నువ్వు ఆదివారం ప్రభువు పాటలు పాడే ఆ గుడి అప్పుడే కట్టారు, సున్నం వాసన ఇంకా పోలేదు. మా తాఫులు వాళ్ళేమో అంతకు ముందేడే వాళ్ళ గుడికి జనరేటరు తెచ్చి కరెంటు దీపాలు పెట్టుకున్నారు. ఇక వాళ్ళ నోళ్ళకి పట్టపగ్గాల్లేవు. మా పిన్నికూతురు తిలేసా ఉండేదిలే, బస్సులో ఎదురైతే బస్సంతా వినబడేట్టు, "ఏమే లితారా, మీ గుడి ప్రతిష్ఠకి మమ్మల్నందర్నీ పిలిచారట కదే. వస్తాం, ఎందుకు రాం! పాటల పుస్తకాలు మేము తెచ్చుకుంటాం, లాంతర్లు కూడా మేమే తెచ్చుకోవాలా?" అంది. బస్సంతా ఒకటే నవ్వు. డ్రైవరు కూడా నవ్వాడు, వాడికేం పోయేకాలం? నేనేమో పుట్టింటి వాళ్ళకి దీపంలేని ఊరి కోడల్ని, అత్తింటి వాళ్ళకి వలలు నేసే ఊరి పిల్లని. ఎటు చూసినా నామీదే ఎక్కేవాళ్ళు.

అప్పుడు పనుల కోసం వెళ్ళి ఆక్లాండులో ఉన్న మన ఊరి వాళ్ళందరూ కలిసి ఒక జనరేటరు పంపించారు. పడవ దిగిన రోజు దాన్ని పెళ్ళికూతుర్ని మోసినట్టు పాటలు పాడుతూ మోసుకొచ్చారు. గుడి పక్కనే పెట్టి తిప్పారు. పాస్టరుగారు ప్రసంగం చెప్పి చూశాడు, నోరు కదులుతోంది గానీ మాట వినపడదు. వెనక వరసలో ముసలాళ్ళు ఇదే బాగుందన్నారు. కాదు కూడదని ఊరి ఆ చివర కొబ్బరి ఎండబెట్టే షెడ్డులోకి మార్చారు. ఇప్పుడు అక్కణ్ణించి గుడి దాకా వైరు రావాలి. ఊరి నడి మైదానం మీదుగా లాగితే నేరుగా వచ్చేస్తుంది, కానీ అలా లాగుతామా? ఊరిపెద్ద కూర్చునే చోట ఆయన నెత్తి మీదుగా వైరు పోనిస్తామా? ఏడిసినట్టుంటుంది. ఇళ్ళ వెనకాల నుంచి, అరటి చెట్ల లోంచి, పందుల గోడ పక్క నుంచి చుట్టూ తిప్పి తేవాలి. అంటే దూరం ఎక్కడికి పోయిందో చూడు.

వైరు కొనే పని ఆడవాళ్ళ కమిటీది. చాపలమ్మి కూడబెట్టిన డబ్బు మాది కదా. ఫువాతినో, నేను, ఇంకో ఇద్దరు, తోడు మీ తాత యాకోపో. ఆయన కొబ్బరి మోసే పడవ మీద ఇంజను చూసుకున్నవాడు, వైర్ల సంగతి తెలుసు. తెలుసంటే మామూలుగా తెలియదే, అడగని వాళ్ళకి కూడా చెప్పేంత తెలుసు. పెళ్ళయిన కొత్తలో రాత్రిళ్ళు నాతో ఏం మాట్లాడేవాడనుకున్నావ్, పిస్టన్ల గురించి. సరే, బస్సెక్కి ఆపియా పట్నం వెళ్ళాం. కొట్టువాడు సగం చైనావాడు, మర్యాదస్తుడు, మంచినీళ్ళిచ్చాడు. "ఎంత దూరం లాగాలమ్మా? ఎన్ని బల్బులు?" అని అడిగాడు. ఫువాతినోకి కోపమొచ్చింది. "మేమెక్కడుంటామో, ఇంట్లో ఎన్ని దీపాలున్నాయో వీడికెందుకు? నీ దగ్గరున్న సరుకు చూపించు నాయనా." వాడు రెండు చుట్టలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి లావు, ఒకటి సన్నం. ఆవిడ కళ్ళు మూసుకుంది. లావుదాన్ని వేళ్ళ మధ్య నలిపింది. పెదవి విరిచింది. "ఇది నేల మీద పరుచుకునే చాప." సన్నదాన్ని పట్టుకుంది. వేళ్ళ మధ్య తిప్పింది, మళ్ళీ తిప్పింది. మొహం వెలిగిపోయింది. "ఇదీ. ఇది పోగంటే. దేవుడి ఇంటికి సన్నదే వెళ్ళాలి."

తప్పు పట్టకు. నేనూ తలూపాను. నలుగురం తలూపాం. ఎందుకూపమూ? మాకు పుట్టినప్పట్నుంచీ తెలిసింది అదే కదే. ఊరిపెద్దలకి పెట్టే చాప సన్నంగా ఉండాలి, పీనుగు మీద కప్పేది సన్నంగా ఉండాలి, పెళ్ళికూతురికిచ్చేది సన్నంగా ఉండాలి. లావు పోగు కుక్కలు పడుకునేదానికి. ఎంత సన్నమైతే అంత గొప్ప. కరెంటుకి మా మర్యాదలు తెలియవని మాకేం తెలుసు? మీ తాత మాత్రం దగ్గాడు. "అక్కా..." అన్నాడు. ఆవిడ తిరిగి చూసింది. "ఏం యాకోపో, దగ్గా?" "దగ్గే అక్కా." అంతే. ఏం చేస్తాడు పాపం, అక్క మాటకి తమ్ముడు ఎదురాడే పద్ధతి మనకి ఇప్పుడూ లేదు, అప్పుడసలే లేదు. అక్క శాపం తగిలితే పిల్లలు పుట్టరంటారు. ఆయనకేమో పిల్లలు కావాలి. దాంతో నోరు మూసుకుని ఆ సన్న వైరు చుట్టలన్నీ భుజానేసుకుని బస్సెక్కాడు. తేలిగ్గా ఉన్నాయి కదా అని ఫువాతినో ఇంకా మురిసిపోయింది. గుడికొక లైను, పాస్టరుగారింటికొక లైను, కమిటీ ఇంటికొక లైను, మూడింటికీ సరిపడా తెచ్చాం, కూడబెట్టిన డబ్బంతా దానికే అయిపోయింది. గుడి దగ్గరే కదా ఆ రెండిళ్ళూ, మూడు లైన్లూ పక్కపక్కనే ఒకే దారిన వెళ్తాయి. పాస్టరమ్మ అయితే తన బల్బుకి ముందుగానే లేసు పెట్టి చిన్న గౌను కుట్టుకుంది.

ఇక మీ తాతకి నిద్ర పట్టదు. కడుపులో మాట దాచుకునే మనిషి కాడు. అక్కతో అనకూడదు, పెళ్ళాంతో అంటే పెళ్ళాం వెళ్ళి చెప్తే అదీ ఎదురాడినట్టే. ఏం చేశాడో తెలుసా? అక్క వంటపాక వెనకే మన పందుల దొడ్డి. పొద్దున్నే వెళ్ళి, అక్క సీమపనస కాలుస్తుండగా, గోడ మీద కూర్చుని పందికి చెప్పడం మొదలెట్టాడు. నల్ల మగపంది ఒకటుండేదిలే, ప్రతిష్ఠ విందుకి మేపుతున్నది. ఆవిడ వినబడేట్టు గొంతెత్తి, "చూడవయ్యా పందీ, ఇది బొప్పాయి కాడ. ఇది కొబ్బరి బొండం. కాడ పొట్టిగా ఉందా, పీలిస్తే నీళ్ళు జుర్రున వస్తాయి. అదే కాడ మైదానం చుట్టూ తిరిగొచ్చేంత పొడుగుందనుకో? దవడలు పడిపోతాయి గానీ నాలుక తడవదు. ఎందుకూ? దారి ఇరుకు, పైగా చాలా దూరం. నడవడానికే బలమంతా అయిపోతుంది. కరెంటూ అంతేనయ్యా. దూరం పెరిగితే వైరు లావెక్కాలి. బల్బులు పెరిగితే వైరు లావెక్కాలి. రెండూ పెరిగితే ఏం చెయ్యాలి?" అన్నాడు. పంది ఘుర్రుమంది. "శభాష్. నీకు తెలిసింది..." అని అక్కడ ఆగాడు, అక్క వైపు చూడకుండా. ఆవిడ పొయ్యిలో కొబ్బరి డొక్కలు ఎగదోస్తూ, "ఈ మధ్య మగాళ్ళకి పని తక్కువైపోయింది" అని పొయ్యితో అంది.

అలా రోజూ ఒక పాఠం. ఊళ్ళో పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ పందికి తెలిసినంత కరెంటు ఆ రోజుల్లో ఆపియాలో ఆఫీసర్లకి తెలిసుండదు. ఒక రోజు చెప్పాడు, "దూరాన ఉన్న బల్బు మసకేస్తుంది, వైరు ఊరికే వేడెక్కుతుంది, దీపానికి చెందాల్సింది దారిలో వైరు తినేస్తుంది. చాలా లాగామా, ఆ వేడికి పైన తొడుగు కరిగి కాలిపోతుంది కూడానయ్యా" అని. నేను గోడ చాటున వింటూ ఎంత సంతోషపడ్డానో! దాస్తే ఏం లాభం, చచ్చినావిడ వచ్చి కొడుతుందా? ఈసారి తప్పు ఆవిడది. గుడి ప్రతిష్ఠ నాడు అందరి ముందూ దీపం వెలక్కపోతే ఇక నడి స్తంభం దగ్గర కూర్చోదు, తానే లేచిపోతుంది, అంత అభిమానం ఉన్న మనిషి. ఆ చోటు ఇంకెవరికి రావాలి? ముసలమ్మలు అప్పటికే గుసగుసలు, "తాఫులుదైతేనేం, రెండో చెయ్యి లితారాదే కదా" అని. నేను ఆ స్తంభానికి వీపు ఆనించుకున్నట్టు కలలు కూడా కన్నానే. కలలో ఆవిడ చాప మీద నేను వేలు పెట్టేదాన్ని.

బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక దీపాలు పెట్టి చూశారు. శనివారం ప్రతిష్ఠ. షెడ్డులో మీ తాత జనరేటరు తిప్పాడు. షెడ్డులో బల్బు కళ్ళు చెదిరిపోయేట్టు వెలిగింది. గుడిలో బల్బులున్నాయే, లోపలి తీగ మాత్రం ఎర్రగా, ఆరిపోబోయే చుట్ట కొనలాగా. పాటల మేస్త్రి ఒక ముసలాయన ఉండేవాడు, ఆయన ఇంటికెళ్ళి లాంతరు వెలిగించి తెచ్చి, పైకెత్తి, బల్బు వెలిగిందా లేదా అని చూశాడు. నవ్వకే, నాకప్పుడు నవ్వు ఆపుకోలేక పొట్టలో పోటొచ్చింది. పాస్టరమ్మ బల్బుకి గౌను విప్పినా అంతే. ఫువాతినో గుడి నడిమధ్య నిలబడి ఆ బల్బులకేసి చూసింది. "కొత్తవి కదా, సిగ్గుపడుతున్నాయి" అంది. అప్పుడు గోడ పక్క వైరు పట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళ మధ్య నలిపింది. వేడి తగిలిందనుకుంటా, వేళ్ళు ఒక్కసారి విడిచి మళ్ళీ పట్టుకుంది. ఇంటికి వెళ్ళిపోయింది. ఆ నడక చూశాను నేను. ఎప్పుడూ వెదురులా నిటారుగా ఉండే మనిషి.

మర్నాడు పొద్దున్న ఏమైందో విను. మీ తాత ఆ రోజు పందికి పాఠం చెప్పడానికి వెళ్ళలేదు, పిల్లలొచ్చి పిలిచినా రాలేదు. అక్క అంత చిన్నబోయాక ఇక చెప్పడానికి ఏముందీ అని చేమదుంపలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు దొడ్డి దగ్గర మాట వినపడింది. ఫువాతినో! నడుముకి చుట్టుకున్న లావాలావా అంచు దులుపుకుంటూ వచ్చి, గోడ దగ్గర నిలబడి, పందితో మాట్లాడుతోంది. "ఏమయ్యా పందీ. నీకు చాలా తెలుసని విన్నాను. ఒక బొప్పాయి కాడతో నోరు తడవదన్నావు. మూడు కాడలు కలిపి నోట్లో పెట్టుకుని పీలిస్తేనో?" మీ తాత చేతిలో కత్తి కింద పడింది. పరుగెత్తాడు. అక్క మొహం చూడలేదు, పంది మొహం చూసి, "చెప్పవయ్యా, చెప్పు! మూడు సన్నవి కలిస్తే ఒక లావుదానంత దారవుతుందని చెప్పు!" అన్నాడు. ఆవిడ పందితో, "మూడు లైన్లు ఉన్నాయి. మూడూ ఒకే దారిన వస్తున్నాయి. పాస్టరమ్మకి దీపం ఉండదు, నా కమిటీ ఇంట్లో ఉండదు. గుడిలో ఉంటుందా?" అంది. "ఉంటుందయ్యా. ఎర్రవి ఎర్రవాటితో కలపాలి, నల్లవి నల్లవాటితో కలపాలి. ఎర్రనీ నల్లనీ కలిపావో, పందీ, నిన్ను రాళ్ళపొయ్యిలో పెట్టక్కర్లేదు, షెడ్డులోనే ఉడికిపోతావు. ఇంకో మాట. రెండు కొసల దగ్గరా గట్టిగా ముడేస్తే చాలు. మధ్యలో ఎలా వేలాడినా కరెంటుకి పట్టింపు లేదు." అప్పుడు ఆవిడ గొంతు మళ్ళీ ఆవిడ గొంతైంది. "నాకు పట్టింపు ఉంది. దేవుడి ఇంటికి పోగులు వేలాడేసుకుని పోతామా? జడ అల్లాలి." అని వెళ్ళిపోయింది. అక్క తప్పన్నవాడు లేడు, తమ్ముడు ఎదురాడలేదు. మధ్యన పంది మాత్రం శనివారం పోయింది.

ఇక వైర్లన్నీ స్తంభాల మీంచి దింపించింది. పాస్టరమ్మ ఏడుపు, "నా బల్బూ" అని. ఫువాతినో ముందు తన కమిటీ ఇంటి వైరు తానే పీకింది, దాంతో పాస్టరమ్మ ఏడుపు ఆపింది. కమిటీ ఇంట్లో బారుగా కూర్చుని, ఎర్రవి మూడు ఒక జడ, నల్లవి మూడు ఒక జడ, పెళ్ళికూతురికి వేసినట్టు అల్లాం. "బిగించండి! వెంట్రుక దూరకూడదు!" అని ఆవిడ వెనక తిరుగుతుంది. జడ చివరి వైపు నాకిచ్చింది, గుడి గోడకి తగిలే వైపు, అందరికీ కనబడే వైపు. నామీద ప్రేమతో కాదు, నా జడ బిగువని ఆవిడకి తెలుసు. వేళ్ళు పుండ్లు పడ్డాయే. శనివారం పొద్దున్న మళ్ళీ స్తంభాలెక్కించి చుట్టూ తిప్పుకుంటూ వచ్చారు మగాళ్ళు. వచ్చి వచ్చి, గుడి గోడకి ఇంకా అంత దూరం ఉండగా అయిపోయింది. అందలేదు.

అర్థమైందా? నీ జుట్టు విప్పితే నడుము దాకా, అల్లితే వీపు దాకానే కదే. బిగించేకొద్దీ పొట్టిదవుతుంది. ఇన్నేళ్ళు జడలేసుకున్న ఇంతమంది ఆడవాళ్ళం, ఒక్కదానికీ తట్టలేదు. మగాళ్ళు ఫువాతినో కేసి చూశారు. మైదానానికి అడ్డంగా లాగితే అందుతుంది, కానీ ఆ మాట ఎవడంటాడు? డబ్బూ లేదు, బస్సుకి ఆపియా వెళ్ళొచ్చే టైమూ లేదు. ఆవిడ నిలబడిపోయింది. తన నోటితో ఎలా అంటుంది, వదులు చెయ్యండని? ఆ మాట ఆవిడ జన్మలో అనలేదు. పెదవులు కదిలాయి కూడా. రాలేదు. అందరూ నా వైపు తిరిగారు, కొస నా చేతిలో ఉంది మరి. నేను చెయ్యాల్సిందేముంది? ఏమీ లేదు. ఆవిడ చెప్పినట్టు బిగువుగానే అల్లాను, బిగువుగానే ఉంచాను, ఇక నా తప్పేం లేదు. ఊరికే కూర్చుంటే చాలు, ఆ సాయంత్రానికి స్తంభం నాది.

సరిగ్గా అప్పుడు రోడ్డు మలుపులో పాటలు వినబడ్డాయి. తాఫులు బస్సు. ముందే వచ్చేశారు, తిండి దగ్గర ఎప్పుడూ ముందే. కిటికీలోంచి తిలేసా చెయ్యి బయటపెట్టి ఊపుతోంది. చేతిలో ఏముందో తెలుసా? లాంతరు! మధ్యాహ్నం పూట! ఎంత పొగరుండాలి? నాకు ఒళ్ళు మండిపోయింది. కూర్చున్నచోటే నా కొస విప్పి పారేశాను. విప్పి, పొద్దున్న నిద్రలేచి ముఖం కడుక్కోకుండా వేసుకునే జడ ఉంటుందే, అలా వదులు వదులుగా, మూరకొక మెలిక పెట్టి మళ్ళీ అల్లాను. ఇంకా చాలకపోతే నా ముందు పిల్ల అల్లింది కూడా లాక్కుని విప్పాను. ఆవిడ చూస్తూనే ఉంది. వద్దనలేదు. మీ తాత నిచ్చెన మీంచి, "అందిందే, అందింది!" అని అరిచాడు. ఆవిడ కోసం చేశాననుకోకు. ఆవిడ కోసం నేను గుటక కూడా మింగను. ఆ లాంతరు కోసం చేశాను.

సాయంత్రం గుడి నిండా తెల్లబట్టలు. మీ తాత జనరేటరు తిప్పాడు. ఎలా వెలిగిందనుకున్నావ్! మొదటి పాటకి గొంతులు అలాగే ఆగిపోయాయి, అందరూ తలలెత్తి చూస్తున్నారు. తిలేసా లాంతరు బెంచీ కింద పెట్టి కాళ్ళతో వెనక్కి తోసుకుంటోంది, నేను చూడనట్టు చూశాను, ఇప్పటికీ అది తలుచుకుంటే అన్నం అరుగుతుంది. పాటయ్యాక తాఫులు ఆడవాళ్ళు ఆ జడ వైరు దగ్గర మూగారు. "ఇదేంటమ్మా, ఎక్కడా చూళ్ళేదే!" ఫువాతినో ఏమందో తెలుసా, కళ్ళు కూడా ఆర్పకుండా? "మేము సన్నది ఎందుకు కొన్నామనుకున్నారు? లావుదాన్ని అల్లడం కుదరదుగా." వాళ్ళు నోళ్ళు తెరిచారు. మీ తాత మళ్ళీ దగ్గాడు. తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుని ఆ జడ మీద వేలు పెట్టి నడవడం మొదలెట్టింది, గోడ వైపుకి, నా వైపుకి. వేలు పోతోంది, పోతోంది. నా దగ్గరికొచ్చింది. ఇవాళైనా ఒక మంచి మాట అంటుందనుకున్నాను. ఆ వదులే లేకపోతే దీపమే లేదని తెలిసిన మనిషి ఆ గుడిలో ఆవిడకి మించి ఎవరూ లేరు. వేలు ఆగింది. మా తాఫులు వాళ్ళందరి ముందు, మా తిలేసా ముందు, "ఇక్కడ వదులుగా ఉంది" అంది. విప్పు అనలేదులే. ఆ ఒక్క మాట మింగేసింది. ఆ స్తంభం దగ్గర ఇంకా చాలా ఏళ్ళు కూర్చుంది.

పోయేముందు కూడా అంతే. చూపు పోయింది, మాట పోయింది, ఇదిగో ఈ చాపల మీదే పడుకోబెట్టారు. మీద కప్పడానికి నేను నేసిందే తెచ్చాను, రెండేళ్ళు పట్టింది ఆ చాప, అంత సన్నం నేను మళ్ళీ నెయ్యలేదు. "వదినా, నాదే, చూడండి" అని ఆవిడ వేలు పట్టుకుని దాని మీద పెట్టాను. కదిలింది. అంచు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. పాస్టరుగారు పక్కన ప్రార్థన చదువుతున్నాడు, అందరూ ఏడుస్తున్నారు, నాకు మాత్రం మండుకొచ్చింది. పోయేటప్పుడు కూడానా! దేవుడి పేరు తలుచుకోవచ్చు కదా ఎవరైనా! ఆ తర్వాత ఇంటికెళ్ళి ఆ అంచు విప్పి, పొద్దున్న లోపు మళ్ళీ నేసి తెచ్చి కప్పాను. ఆవిడ ఆపిందని కాదు. నిజంగానే...

ఏం లేదు. పొయ్యి పొగ కళ్ళలో పడింది. ఆ వైరు ఇలా తే. చూపించకు, చేతికియ్యి, నాకు కళ్ళు సరిగా ఆనవు కదా. ఈ ముడి నువ్వేనా వేసింది? ఇక్కడ వదులుగా ఉంది. విప్పు.